చివరి ఔట్ పడేదాకా: బేస్‌బాల్ ఫైనల్స్‌లో మరువలేని హోమ్ రన్‌లు

(ఈ హాస్టల్ పూర్వ విద్యార్థి, ప్రస్తుతం వ్యాయామ ఉపాధ్యాయుడు)



వార్షికోత్సవ సంచికకు ఏదైనా ఆటల వ్యాసం రాయమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు, క్రికెట్ గురించి రాస్తే మీకు నేను కొత్తగా చెప్పేదేమీ ఉండదనిపించింది. భోజనాల హాల్లో టీవీ ముందు కూర్చున్న ఏడో తరగతి పిల్లవాడు కూడా నాకంటే ఎక్కువ స్కోర్లు చెప్పగలడు. అందుకే మనం అంతగా చూడని ఆటను ఎంచుకున్నాను. అది బేస్‌బాల్. అమెరికాలో దీన్ని జాతీయ కాలక్షేపం అంటారు. మన స్కూల్ గేమ్స్‌లో ఆడే సాఫ్ట్‌బాల్ దీనికి చెల్లెలు లాంటిది. బి.పి.ఎడ్. చదివే రోజుల్లో సాఫ్ట్‌బాల్ నియమాలు నేర్చుకుంటూ, దాని అక్క చరిత్ర కూడా చదివాను. అందులో హోమ్ రన్‌ల కథలు నన్ను బాగా పట్టుకున్నాయి.

అయితే హోమ్ రన్ కొట్టినవాళ్ల గురించి మాత్రమే రాయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆ బంతి విసిరి ఓడిపోయినవాళ్లు మర్నాడు ఏం చేశారు అన్నది కూడా రాస్తాను. ఎందుకో చివర్లో చెబుతాను.

ముందుగా ఆట తెలుసుకుందాం

జట్టుకు తొమ్మిది మంది. మైదానంలో నలుచదరంగా నాలుగు బేస్‌లు ఉంటాయి. నాలుగోదాన్ని హోమ్ ప్లేట్ అంటారు. ఒక బేస్‌కూ మరో బేస్‌కూ మధ్య దూరం 90 అడుగులు. బంతి విసిరేవాడు పిచ్చర్. హోమ్ ప్లేట్ దగ్గర నిలబడి కొట్టేవాడు బ్యాటర్. బంతి నేలకు తగలకుండా నేరుగా వస్తుంది. కొట్టిన తర్వాత మూడు బేస్‌లూ చుట్టి మళ్లీ హోమ్ ప్లేట్‌కు చేరితే ఒక పరుగు. ఒకే దెబ్బకు చేరనక్కరలేదు. మధ్యలో ఏదో ఒక బేస్ మీద ఆగి, తర్వాతి బ్యాటర్ కొట్టినప్పుడు పరుగెత్తవచ్చు.

సరైన బంతిని కొట్టలేకపోతే అది స్ట్రైక్. మూడు స్ట్రైక్‌లకు బ్యాటర్ ఔట్. పిచ్చర్ గురి తప్పి వేసినవి బాల్స్. నాలుగు బాల్స్ పడితే బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కు నడిచి వెళ్లవచ్చు. ముగ్గురు ఔటయితే ఆ జట్టు బ్యాటింగ్ ముగిసి రెండో జట్టుకు వస్తుంది. రెండు జట్లూ ఒక్కోసారి ఆడితే ఒక ఇన్నింగ్స్. అలాంటివి తొమ్మిది. అప్పటికీ సమంగా ఉంటే పదోది, పదకొండోది, ఇలా తేలేవరకు సాగుతుంది.

బంతిని మైదానం కంచె అవతలికి కొడితే హోమ్ రన్. మన సిక్సర్ లాంటిదే. కాకపోతే సిక్సర్‌కు ఎప్పుడూ ఆరే పరుగులు. హోమ్ రన్‌కు అప్పుడు బేస్‌ల మీద ఎందరుంటే అందరూ ఇంటికి వస్తారు. కాబట్టి ఒక్క దెబ్బకు ఒకటి నుంచి నాలుగు పరుగుల వరకు రావచ్చు.

రెండు విషయాలు ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. ఒకటి, సొంత మైదానం జట్టు ప్రతి ఇన్నింగ్స్‌లోనూ రెండోసారి బ్యాటింగ్ చేస్తుంది. చివరి ఇన్నింగ్స్‌లో వాళ్లు ఆధిక్యంలోకి వచ్చిన క్షణమే ఆట ముగుస్తుంది. అలా ముగించే దెబ్బను వాక్-ఆఫ్ అంటారు. ఆ దెబ్బ తిన్న పిచ్చర్ తలవంచుకుని మైదానం నుంచి నడిచి వెళ్లిపోవాల్సి వస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. రెండోది, మ్యాచ్ ఇన్ని నిమిషాల్లో ముగియాలన్న గడియారం ఈ ఆటలో లేదు. ఎన్ని పరుగుల ఆధిక్యం ఉన్నా కాలయాపన చేసి గెలవడం కుదరదు. చివరి ఔట్ తీసి తీరాలి. అది పడేదాకా ఎదుటి జట్టుకు అవకాశం ఉన్నట్టే.

అమెరికాలో రెండు పెద్ద లీగ్‌లు ఉన్నాయి. వాటి విజేతలు ఆడే ఫైనల్ వరల్డ్ సిరీస్. 1903లో మొదలైంది. ఏడు మ్యాచ్‌లలో ముందుగా నాలుగు గెలిచినవాళ్లే ఛాంపియన్లు. ఈ సిరీస్‌లో వాక్-ఆఫ్ హోమ్ రన్ మొట్టమొదట కొట్టినవాడు న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు టామీ హెన్రిక్. అది 1949లో.

1951: దూరదర్శినితో గెలుపు

మొదటి కథ వరల్డ్ సిరీస్‌ది కాదు. దానికి వెళ్లే అర్హత కోసం జరిగిన పోరు. 1951 ఆగస్టులో న్యూయార్క్ జెయింట్స్ జట్టు బ్రూక్లిన్ డాడ్జర్స్ కంటే 13 ఆటలు వెనుకబడి ఉంది. ఆ తర్వాత ఆడిన చివరి 44 మ్యాచ్‌లలో 37 గెలిచి సమం చేసింది. విజేతను తేల్చడానికి మూడు మ్యాచ్‌లు పెట్టారు. చెరొకటి గెలిచారు. అక్టోబర్ 3న మూడోది.

తొమ్మిదో ఇన్నింగ్స్ రెండో సగం మొదలయ్యేసరికి డాడ్జర్స్ 4–1తో ముందున్నారు. జెయింట్స్ ఒక పరుగు తీసి, ఇద్దరిని బేస్‌ల మీద నిలిపారు. డాడ్జర్స్ కొత్త పిచ్చర్ రాల్ఫ్ బ్రాంకాను దింపారు. అతని రెండో బంతిని బాబీ థామ్సన్ ఎడమవైపు కంచె దాటించాడు. 5–4. అందరూ మైదానంలోకి పరుగెడుతుంటే డాడ్జర్స్ ఆటగాడు జాకీ రాబిన్సన్ మాత్రం థామ్సన్ ప్రతి బేస్‌నూ తొక్కుతున్నాడో లేదో చూస్తూ నిలబడ్డాడు. ఒక్కటి తొక్కకపోయినా ఔట్ అడగవచ్చని. నియమం ప్రకారం ఆట ముగిసేదాకా ఆశ వదలని మనిషి అతను.

ఈ కథకు రెండో భాగం యాభై ఏళ్ల తర్వాత బయటపడింది. జెయింట్స్ తమ మైదానంలో ఒక గదిలో దూరదర్శిని పెట్టి, ఎదుటి క్యాచర్ తన పిచ్చర్‌కు చేసే వేళ్ల సైగలను దొంగచాటుగా చూసి, కరెంటు బజర్‌తో తమవాళ్లకు తెలియజేసేవారని 2001లో ఒక పత్రిక వివరంగా రాసింది. ఆ జట్టువాళ్లే ఒప్పుకున్నారు. ఆ బంతికి మాత్రం తాను సైగ అందుకోలేదని థామ్సన్ చెప్పాడు. కావచ్చు. కానీ ఆ మాటను ఎవరూ రుజువు చేయలేరు, కాదనలేరు. పరీక్ష హాల్లో జేబులో చీటీ ఉన్నవాడు దాన్ని తీయకుండానే రాసినా ఎవరు నమ్ముతారు? అంత గొప్ప దెబ్బ పక్కన ఒక ప్రశ్న శాశ్వతంగా ఉండిపోయింది.

బ్రాంకాకు ఈ సంగతి 1950లలోనే తెలిసింది. అయినా దాన్ని సాకుగా చెప్పుకోలేదు. ఓడినందుకు ఏడ్చినట్టు కనబడటం ఇష్టం లేక నోరు మెదపలేదు. థామ్సన్‌తో స్నేహంగా ఉంటూ, సభల్లో అతని పక్కనే కూర్చుని ఆ రోజు గురించి మాట్లాడేవాడు.

1960: ఎవరూ ఊహించని మనిషి

బేస్‌బాల్ చరిత్రలో ఏడో మ్యాచ్‌లో వాక్-ఆఫ్ హోమ్ రన్‌తో వరల్డ్ సిరీస్ ముగిసింది ఒక్కసారే. అది 1960 అక్టోబర్ 13న. ఊరు పిట్స్‌బర్గ్. మైదానం ఫోర్బ్స్ ఫీల్డ్. ఆతిథ్య జట్టు పైరేట్స్. 1925 తర్వాత వాళ్లు ఛాంపియన్లు కాలేదు. ఎదురుగా యాంకీస్.

ఆ సిరీస్ అంకెలు చూస్తే నవ్వొస్తుంది. యాంకీస్ గెలిచిన మూడు మ్యాచ్‌ల స్కోర్లు 16–3, 10–0, 12–0. పైరేట్స్ గెలిచిన మొదటి మూడూ 6–4, 3–2, 5–2. ఏడు మ్యాచ్‌లలో కలిపి యాంకీస్ 55 పరుగులు తీస్తే పైరేట్స్ తీసినవి 27. సగం కూడా కాదు. కానీ కప్పు ఇచ్చేది మొత్తం పరుగులు చూసి కాదు, గెలిచిన మ్యాచ్‌లు చూసి. 12–0తో ఓడినా అది ఒక్క ఓటమే. ఆ రాత్రి నిద్రపోయి మర్నాడు కొత్తగా ఆడటం పైరేట్స్‌కు తెలుసు.

ఏడో మ్యాచ్ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో యాంకీస్ 7–4తో ముందున్నారు. అప్పుడు పైరేట్స్ కొట్టిన ఒక మామూలు బంతి నేల మీద దొర్లుతూ వెళ్లి, గట్టిగా ఎగిరి యాంకీస్ ఫీల్డర్ టోనీ కుబెక్ గొంతుకు తగిలింది. ఔట్ కావాల్సింది కాలేదు. తర్వాత రాబెర్టో క్లెమెంటే కొట్టిన నెమ్మది బంతికి కూడా ఔట్ కావాల్సిందే. కానీ అతను ప్రాణం పెట్టి పరుగెత్తి మొదటి బేస్ అందుకున్నాడు. అక్కడికి పరుగెత్తాల్సిన పిచ్చర్ ఆలస్యం చేశాడు. వెంటనే హాల్ స్మిత్ మూడు పరుగుల హోమ్ రన్ కొట్టాడు. 9–7. అంత గొప్ప దెబ్బను కూడా ఈరోజు ఎక్కువమంది మరిచిపోయారు. ఎందుకంటే తొమ్మిదో ఇన్నింగ్స్‌లో యాంకీస్ మళ్లీ 9–9 చేశారు.

ఇక పైరేట్స్ వంతు. మొదటి బ్యాటర్ బిల్ మజెరోస్కీ. వయసు 24. బొగ్గు గని కార్మికుడి కొడుకు. అతని పేరు ఫీల్డింగ్‌కు. రెండో బేస్ దగ్గర అతనంత వేగంగా బంతి అందుకుని విసిరేవాడు లేడని చెప్పుకునేవారు. హోమ్ రన్‌లకు పేరున్నవాడు కాదు. ఆ ఏడాది మొత్తం సీజన్‌లో కొట్టినవి 11. పిచ్చర్ రాల్ఫ్ టెర్రీ. మొదటిది బాల్. రెండో బంతి ఎడమవైపు గోడ మీదుగా చెట్లలోకి వెళ్లిపోయింది. 10–9. మజెరోస్కీ టోపీ చేత పట్టుకుని చేయి తిప్పుతూ పరుగెత్తాడు. మూడో బేస్ దాటేసరికి జనం అతనితోపాటు పరుగెత్తుతున్నారు.

ఆ మైదానం ఇప్పుడు లేదు. గోడలో కొంత భాగం మాత్రం అక్కడి విశ్వవిద్యాలయం ఆవరణలో నిలిపి ఉంచారు. ఏటా అక్టోబర్ 13న అభిమానులు ఆ గోడ దగ్గర చేరి, నాటి రేడియో వ్యాఖ్యానం మొదటి నుంచి చివరిదాకా వింటారు. మజెరోస్కీని 2001లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. ఆ సభలో ఆయన కన్నీళ్లు ఆపుకోలేక ప్రసంగం మధ్యలోనే ముగించారు.

మరి రాల్ఫ్ టెర్రీ?

సాధారణంగా కథ ఇక్కడ ఆపేస్తారు. అసలు పాఠం ఇక్కడి నుంచే అని నా అభిప్రాయం. దేశమంతా చూస్తుండగా ఓటమి బంతి వేసినవాడు టెర్రీ. వయసు 24. మజెరోస్కీ ఈడువాడే. ఆ తర్వాత అతని పని అయిపోయిందనుకోవచ్చు.

టెర్రీ మర్నాటి సీజన్‌లో మళ్లీ వచ్చాడు. 1962లో 23 విజయాలు సాధించాడు. ఆ ఏడాది వరల్డ్ సిరీస్ కూడా ఏడో మ్యాచ్‌కే వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో జెయింట్స్ మీద. ఆ మ్యాచ్ మొదటి బంతి నుంచి టెర్రీయే వేశాడు. తొమ్మిదో ఇన్నింగ్స్ రెండో సగంలో యాంకీస్ 1–0 ఆధిక్యం. ఇద్దరు ఔటయ్యారు. కానీ మూడో బేస్ మీద ఒకడు, రెండో బేస్ మీద విల్లీ మేస్. బ్యాట్ పట్టుకుని విల్లీ మెకోవీ. భయంకరంగా కొట్టే మనిషి. ఒక్క మంచి దెబ్బ పడితే ఇద్దరూ ఇంటికి వస్తారు, కప్పు పోతుంది. మేనేజర్ టెర్రీ దగ్గరకు వచ్చి, ఇతనికి వేస్తావా, నడిపించి తర్వాతివాడికి వేస్తావా అని అడిగాడు. టెర్రీ ఇతనికే వేస్తానన్నాడు. మెకోవీ బాణంలా కొట్టాడు. బంతి నేరుగా రెండో బేస్ ఆటగాడు బాబీ రిచర్డ్‌సన్ చేతిలో పడింది. ఆట ముగిసింది. సిరీస్ ఉత్తమ ఆటగాడు రాల్ఫ్ టెర్రీ.

తమ్ముళ్లారా, రెండేళ్ల క్రితం ఓడిన చోటుకే, అంటే ఏడో మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్స్‌కే, అతను మళ్లీ వచ్చాడు. మెకోవీ బంతి రెండు మూడు అడుగులు పక్కకు వెళ్లి ఉంటే అప్పుడు కూడా ఓడేవాడేమో. గెలుపు అతని చేతిలో పూర్తిగా లేదు. మళ్లీ వచ్చి నిలబడటం మాత్రం అతని చేతిలో ఉంది.

బ్యాట్ అందని మహావీరుడు

మజెరోస్కీ కొట్టిన ఆ ఫోర్బ్స్ ఫీల్డ్‌లోనే అంతకు ముందు మరొక మహా బ్యాటర్ ఆడాడు. పేరు జోష్ గిబ్సన్. హోమ్‌స్టెడ్ గ్రేస్ అనే నల్లజాతి జట్టు క్యాచర్. అతని హోమ్ రన్‌ల గురించి చూసినవాళ్లు జీవితాంతం కథలుగా చెప్పుకున్నారు. కానీ వరల్డ్ సిరీస్‌లో అతని పేరు ఎక్కడా కనబడదు. పెద్ద లీగ్‌లలో నల్లవాళ్లను ఆడనివ్వలేదు. రాసిన చట్టం ఏదీ లేదు. యజమానులంతా కలిసి పాటించిన కట్టుబాటు అది. ఊళ్లో బావి దగ్గరి కట్టుబాట్లు మన పెద్దలకు తెలుసు కాబట్టి ఇది మీకు వివరించనవసరం లేదు.

ఆ గోడను దాటి 1947 ఏప్రిల్ 15న డాడ్జర్స్ తరఫున మైదానంలోకి దిగినవాడే జాకీ రాబిన్సన్. 1951లో థామ్సన్ అడుగులు లెక్కపెడుతూ నిలబడ్డాడని చెప్పానే, అతనే. జోష్ గిబ్సన్ ఆ రోజు చూడలేదు. మూడు నెలల ముందు, 1947 జనవరిలో, 35 ఏళ్ల వయసులో చనిపోయాడు. 1972లో అతన్ని హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. 2024లో నల్లజాతి లీగ్‌ల రికార్డులను కూడా పెద్ద లీగ్‌ల రికార్డులలో కలిపారు. దాంతో జీవితకాల బ్యాటింగ్ సగటులో జోష్ గిబ్సన్ .372తో అందరికంటే పైకి వచ్చాడు.

అంటే అతనికి లేనిది శక్తి కాదు, అవకాశం. చివరి ఇన్నింగ్స్‌లో గెలిపించాలంటే ముందు ఎవరో ఒకరు నిన్ను బ్యాట్ పట్టుకుని నిలబడనివ్వాలి.

1975: గెలిచినా కప్పు రాలేదు

1975లో బోస్టన్ రెడ్ సాక్స్, సిన్సినాటి రెడ్స్ మధ్య ఆరో మ్యాచ్ 6–6తో సమమై పన్నెండో ఇన్నింగ్స్‌కు వెళ్లింది. అర్ధరాత్రి దాటింది. బోస్టన్ క్యాచర్ కార్ల్‌టన్ ఫిస్క్ కొట్టిన బంతి ఎడమవైపు గీత మీదుగా ఎగిరింది. గీతకు అవతల పడితే ఫౌల్, ఇవతల అయితే హోమ్ రన్. ఫిస్క్ పరుగు మరిచి, రెండు చేతులతో బంతిని లోపలికి తోస్తున్నట్టు ఊపుతూ గంతులేశాడు. బంతి ఫౌల్ స్తంభానికి తగిలింది. అంటే హోమ్ రన్. బంతి వెంట తిరగాల్సిన కెమెరా ఫిస్క్ మీదే నిలిచిపోవడంతో ఆ దృశ్యం మనకు దక్కింది. పక్కనే ఎలుక కనబడటంతో తాను కెమెరా తిప్పలేకపోయానని కెమెరామన్ తర్వాత చెప్పాడు! అయితే మర్నాటి ఏడో మ్యాచ్‌లో బోస్టన్ 4–3తో ఓడింది. కప్పు సిన్సినాటికి పోయింది, జనం గుర్తుంచుకున్నది ఫిస్క్‌ను.

1988: కుంటుతూ వచ్చినవాడు

లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ ఆటగాడు కర్క్ గిబ్సన్‌కు (జోష్ గిబ్సన్‌కు బంధువు కాడు) రెండు కాళ్లూ దెబ్బతిన్నాయి. 1988 అక్టోబర్ 15న మొదటి మ్యాచ్‌లో అతను ఆడటం లేదని అందరూ అనుకున్నారు. ఎదుటి జట్టు ఓక్లండ్. ఆ సీజన్‌లో 104 మ్యాచ్‌లు గెలిచిన జట్టు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఓక్లండ్ 4–3తో ముందుంది. ఇద్దరు ఔట్. ఒకడు బేస్ మీద. పిచ్చర్ డెన్నిస్ ఎకర్స్‌లీ, ఆఖరి ఇన్నింగ్స్‌లో ఆట ముగించడంలో ఆ రోజుల్లో మేటి. అప్పుడు గిబ్సన్ కుంటుతూ వచ్చాడు.

రెండు స్ట్రైక్‌లు, మూడు బాల్స్ అయ్యాయి. ఇక ఒక్క బంతే. ఆ క్షణంలో గిబ్సన్‌కు తమ జట్టు పరిశీలకుడు మెల్ డిడియర్ ముందే చెప్పిన మాట గుర్తొచ్చింది. ఎడమచేతి బ్యాటర్‌కు ఇలాంటి స్థితిలో ఎకర్స్‌లీ బయటి నుంచి లోపలికి వంగే స్లైడర్ వేస్తాడని. గిబ్సన్ ఆగి అదే బంతి కోసం చూశాడు. అదే వచ్చింది. కాళ్లలో బలం లేదు కాబట్టి దాదాపు చేతులతోనే కొట్టాడు. బంతి కుడివైపు జనంలో పడింది. 5–4. ఆ సిరీస్‌లో గిబ్సన్ బ్యాట్ పట్టింది ఆ ఒక్కసారే. డాడ్జర్స్ 4–1తో కప్పు గెలిచారు.

దీన్ని అదృష్టం అనకండి. ఎదుటి పిచ్చర్ అలవాట్లను నెలల తరబడి చూసి రాసుకున్న ఒక మనిషి కష్టం అందులో ఉంది. స్టడీ అవర్‌లో పాత ప్రశ్నపత్రాలు తిరగేయడం ఎందుకని విసుక్కునేవాళ్లు ఈ కథను రెండుసార్లు చదవండి.

1993: ముఖం చాటేయని మనిషి

1993 అక్టోబర్ 23న టొరంటో జట్టు 6–5తో వెనుకబడి ఉండగా, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో జో కార్టర్ మూడు పరుగుల హోమ్ రన్ కొట్టి 8–6తో కప్పు గెలిపించాడు. హోమ్ రన్‌తో వరల్డ్ సిరీస్ ముగియడం 1960 తర్వాత అది రెండోసారి. 2025 వరకు మూడోది లేదు. బంతి వేసిన ఫిలడెల్ఫియా పిచ్చర్ మిచ్ విలియమ్స్ ఆ రాత్రి గదిలో దాక్కోలేదు. విలేకరులు అడిగినన్ని ప్రశ్నలకు నిలబడి సమాధానం చెప్పాడు. తప్పు తనదేనన్నాడు, ఎవరి మీదా తోయలేదు.

2011: ఆట మానేసి తిరిగొచ్చినవాడు

డేవిడ్ ఫ్రీస్ సెయింట్ లూయిస్ ప్రాంతంలో పెరిగాడు. హైస్కూల్ అయ్యాక విశ్వవిద్యాలయం ఉపకార వేతనం ఇస్తానన్నా, ఆట మీద విసుగు పుట్టి పూర్తిగా మానేశాడు. పాఠశాలల నిర్వహణ పనుల్లో కూలికి చేరాడు. ఏడాది తిరిగేసరికి ఆట మీద మనసు మళ్లింది. ఒక చిన్న స్థానిక కళాశాలలో చేరి మొదటి నుంచి మొదలుపెట్టాడు.

2011 అక్టోబర్ 27. తన సొంత ఊరి జట్టు కార్డినల్స్ తరఫున, టెక్సాస్ రేంజర్స్ మీద ఆరో మ్యాచ్. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రేంజర్స్ 7–5. ఇద్దరు ఔట్, రెండు స్ట్రైక్‌లు. ఇంకొక్క స్ట్రైక్ పడితే కప్పు రేంజర్స్‌దే. ఫ్రీస్ కొట్టిన బంతి ఫీల్డర్ తల మీదుగా వెళ్లి ఇద్దరిని ఇంటికి తెచ్చింది. 7–7. పదో ఇన్నింగ్స్‌లో రేంజర్స్ మళ్లీ 9–7. మళ్లీ ఇద్దరు ఔట్, రెండు స్ట్రైక్‌లు. ఈసారి లాన్స్ బెర్క్‌మన్ కొట్టి సమం చేశాడు. పదకొండో ఇన్నింగ్స్‌లో ఫ్రీస్ హోమ్ రన్. 10–9. మర్నాడు ఏడో మ్యాచ్ కూడా గెలిచి కార్డినల్స్ ఛాంపియన్లయ్యారు.

రెండుసార్లు ఒక్క స్ట్రైక్ దూరంలో కప్పు జారిపోయిన రేంజర్స్ సంగతి ఆలోచించండి. అప్పటికి వాళ్లు ఒక్కసారి కూడా ఛాంపియన్లు కాలేదు. పన్నెండేళ్లు ఆగారు. 2023 వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్‌లో, అదే అక్టోబర్ 27న, అదే పదకొండో ఇన్నింగ్స్‌లో రేంజర్స్ ఆటగాడు అడోలిస్ గార్సియా వాక్-ఆఫ్ హోమ్ రన్ కొట్టాడు. ఆ ఏడాది రేంజర్స్ మొదటి కప్పు అందుకున్నారు.

ఇటీవలి సంగతి కూడా ఒకటి. 2024 మొదటి మ్యాచ్‌లో చీలమండ బెణికిన ఫ్రెడ్డీ ఫ్రీమన్ డాడ్జర్స్ తరఫున పదో ఇన్నింగ్స్‌లో, ముగ్గురు బేస్‌ల మీద ఉండగా హోమ్ రన్ కొట్టి 6–3తో గెలిపించాడు. నాలుగు పరుగుల హోమ్ రన్‌తో వరల్డ్ సిరీస్ మ్యాచ్ ముగియడం అదే మొదటిసారి.

మన దగ్గర

ఇలాంటి కథ మన క్రికెట్‌లోనూ ఉంది. 1986 ఏప్రిల్ 18న షార్జాలో పాకిస్తాన్‌కు చివరి బంతికి నాలుగు పరుగులు కావాలి. చేతన్ శర్మ వేసిన బంతిని జావెద్ మియాందాద్ సిక్సర్ కొట్టాడు. చేతన్‌ను జనం ఏళ్ల తరబడి ఆ ఒక్క బంతితోనే గుర్తుపెట్టుకున్నారు. కానీ మర్నాటి ఏడాదే, 1987 ప్రపంచ కప్‌లో, నాగపూర్‌లో న్యూజిలాండ్ మీద వరుసగా మూడు బంతుల్లో మూడు వికెట్లు తీసినవాడు కూడా ఆ చేతన్ శర్మే. ప్రపంచ కప్ చరిత్రలో అదే మొదటి హ్యాట్రిక్. మియాందాద్ సిక్సర్ తెలిసినవాళ్లలో ఎంతమందికి ఇది తెలుసు? మీ గదిలో అడిగి చూడండి.

గుర్తుంచుకుందాం

1. వాక్-ఆఫ్ హోమ్ రన్ కొట్టే వీలు సొంత మైదానం జట్టుకే ఉంటుంది.
2. వరల్డ్ సిరీస్‌ను ముగించిన హోమ్ రన్‌లు రెండే: 1960లో మజెరోస్కీ, 1993లో జో కార్టర్.
3. 1960లో ఓడిన రాల్ఫ్ టెర్రీ 1962లో సిరీస్ ఉత్తమ ఆటగాడు.
4. జాకీ రాబిన్సన్ పెద్ద లీగ్‌లో అడుగుపెట్టినది 1947 ఏప్రిల్ 15న.

చివరగా ఒక మాట

ఓడినవాళ్ల గురించి ఇంతగా ఎందుకు రాశానో చెబుతానన్నాను. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు నాకు లెక్కల్లో 29 మార్కులు. పాస్ కావాలంటే 35. నేను ఎవరికీ చెప్పకుండా ట్రంకు పెట్టె తీసుకుని బస్టాండుకు నడిచాను. ఊళ్లో అప్పటికే మేస్త్రీ పనికి మాట్లాడుకున్నాను. మా వార్డెన్ గారు సైకిల్ మీద వెనకాలే వచ్చారు. తిట్టలేదు. పెట్టె సైకిల్ క్యారియర్‌కు కట్టి, "సప్లిమెంటరీకి ఫీజు కట్టే గడువు ఇంకా వారం ఉందిరా" అన్నారు. అంతే. జూన్‌లో 52 మార్కులతో పాసయ్యాను. నాతోపాటు తప్పిన మరో ఇద్దరు మాత్రం తిరిగి రాలేదు. వాళ్లు నాకంటే తెలివైనవాళ్లు. ఒకడు లెక్కల్లో నాకు చెప్పేవాడు కూడా. ఆ రోజు అతని వెనకాల ఎవరూ వెళ్లలేదు.

జోష్ గిబ్సన్‌కు రాని అవకాశం మనకు వచ్చింది. ఈ హాస్టల్ గది, ఈ కంచం, ఈ పుస్తకాలు మనకు ఊరికే రాలేదు. బాబాసాహెబ్ అంబేద్కర్ వంటి మహనీయులు పోరాడి తెచ్చినవి. ఒక్క పరీక్ష తప్పినందుకు వాటిని వదిలి వెళ్లకండి. ఈసారి ఫలితాలు వచ్చిన రోజు మీలో పాసైనవాళ్లకు ఒక పని అప్పగిస్తున్నాను. స్వీట్లు పంచడానికి ముందు, మీ గదిలో పెట్టె సర్దుకుంటున్నవాడు ఎవరైనా ఉన్నాడేమో చూడండి. ఉంటే, ఫీజు గడువు ఎప్పటిదాకా ఉందో కనుక్కుని వాడికి చెప్పండి.

అందరికీ హాస్టల్ వార్షికోత్సవ శుభాకాంక్షలు.